మూడో దెబ్బ

"అన్నా, ఫోను నాయన చెవి కాడ పెట్టినా. ఇంక కానియ్యండి."

నంద్యాల ఆస్పత్రి నుంచి లూదియా గొంతు. ఆళ్లగడ్డలో వేదిక అంచున స్టాండుకు బిగించిన సెల్‌ఫోనులోంచి వినిపించింది.

వెంకటేష్ ఫోను స్టాండు సరిచేశాడు. జానపద సంబరాలకు పదిహేనేళ్లుగా వ్యాఖ్యాత అతను. మైకు లేకపోయినా మైలు దూరం పోయే గొంతు. ఈ సాయంత్రం మైకు ఉండీ మాట పెగలడం లేదు.

లూదియా తండ్రి పుల్లయ్య ఈ చుట్టుపక్కల పలక డప్పు వాయించేవాళ్లందరికీ గురువు. చేతిలో పుల్ల పడితే పుల్లయ్యకు పూనకమే. అలాంటి పలకల పుల్లయ్య తొమ్మిది రోజులుగా పలకడం లేదు. మెదడులో రక్తం గడ్డకట్టింది. కన్ను తెరవడు, కాలు కదపడు. వింటున్నాడో లేదో డాక్టరుకే తెలియదు.

"ఏదో ఒకటి వినిపిస్తూ ఉండండి. ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే మాత్రం ఆశ తక్కువ" అన్నాడాయన.

ఈ పొద్దే పుల్లయ్య పాట విడుదల. నలభై ఏళ్ల కిందట ఆయన కట్టిన పాట, ఆయన పుట్టించిన దరువు, మొదటిసారి రికార్డయి యూట్యూబులోకి వస్తోంది. పాటకు విడుదల సరే, ఆస్పత్రి మంచం నుంచి పాటగాడికి విడుదల ఎప్పుడు? రాబోయే బనగానపల్లె, ఆత్మకూరు, సున్నిపెంట కచేరీల పోస్టర్లలో ఆయన పేరు తీసేద్దామని కమిటీవాళ్లు అన్నారు. "ముందు నా పేరు తీసేయండి!" అని ఎగిరాడు వెంకటేష్.

కనీసం ఆ చెవిన ఆయన పాట చక్కగా పడాలి. అంతే అతని కోరిక.

"ఎలీషా, జాగ్రత్తప్పా." శిష్యుల్లో పెద్దవాడి భుజం పట్టుకున్నాడు. "దరువు పోతే పరువు పోతాది."

మంటకు కాచిన పలకను తట్టి చూసుకుంటున్నాడు ఎలీషా.

"నువ్వు మైకు సంగతి చూసుకోన్నా" అన్నాడు పొడిగా.

వెంకటేష్ మైకు అందుకున్నాడు. "అప్పల్లారా, అమ్మల్లారా! జానపదమంటే జనం పదం! పదం పడితే పాదం ఆగకూడదు!"

ఈలలు. ఎనిమిది పలకలు ఒక్కసారి లేచాయి. ఎలీషా పాట ఎత్తుకున్నాడు. హైస్కూలు మైదానం అదిరింది.

పుల్లయ్య దరువు నాలుగు దెబ్బలది. మూడోది పిడుగు. అది పడిన చోటే అడుగు పడాలి. మొదటి చరణం నున్నగా జారిపోయింది. వెంకటేష్ ఊపిరి తీసుకున్నాడు.

రెండో చరణంలో మూడో దెబ్బ పడలేదు.

పొరపాటులే అనుకున్నాడు. మళ్లీ ఆ చోటు వచ్చింది. మళ్లీ లేదు. మళ్లీ వచ్చింది. పన్ను ఊడిన చోట నాలుక తగిలినట్టు, అక్కడ ఖాళీ. వేదిక ముందు అడుగు వేయబోయిన ఆడవాళ్లు కాలు గాల్లో పెట్టుకుని దిక్కులు చూశారు.

"ఏందప్పా ఇది? తప్పెట కొట్టమంటే తప్పు కొడతాండారు!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. మైదానమంతా నవ్వింది.

వారం రోజులుగా ఊరూరా వీళ్ల డప్పు కొట్టింది వెంకటేషే. ఆ సిగ్గు ఎట్లాగో మింగొచ్చు. కానీ పుల్లయ్య చెవి! ఒకసారి జాతరలో ఒక్క దెబ్బ తప్పినందుకు, రోడ్డుకు అవతల టీ తాగుతున్న ఆ మనిషి గ్లాసు పారేసి వచ్చి పలక లాక్కున్నాడు. అన్నం తప్పినా ఊరుకుంటాడు, తాళం తప్పితే ఊరుకోడు. ఆ చెవిలో ఆఖరున పడాల్సింది ఇదా?

వేదిక పక్కకు ఉరికాడు. "రేయ్ ఎలీషా! మూడోది యాడబోయిందిరా?"

ఎలీషా తిరిగి చూడలేదు. చెమట కళ్లలోకి కారుతోంది. చూపంతా ఫోను మీదే. ఇంకా గట్టిగా అన్నట్టు తల ఊపాడు. మిగతా ఏడుగురూ ఇంకా గట్టిగా, అంతే తప్పుగా వాయించారు.

వెంకటేష్ ఇక ఓర్చుకోలేకపోయాడు. ఆ పాపం పెద్దాయన వినకూడదు. స్టాండు మీది ఫోను లాగాడు. బొటనవేలు ఎర్ర గుర్తు మీదికి పోయింది.

ఎలీషా పాట ఆపి అరిచాడు. "అన్నా, కట్ చేయొద్దు! నీ కాళ్లు పట్టుకుంటా!"

"సిగ్గులేదేమిరా? ఆయప్ప వింటాండాడేమో!"

"విననీ!"

వేలు వెంట్రుకవాసిలో ఆగింది. ఫోనులో లూదియా కేక.

"అన్నా! నాయన నొసలు ముడేస్తాండాడు! కోపంగా ఉండాడన్నా! వేలు... వేలు కదిలిస్తాండాడు!"

"ఆపొద్దండ్రా! మెల్లగా కొట్టండి!" ఎలీషా వెనక్కి తిరిగి చేయి ఊపాడు.

వెంకటేష్ ఫోనును మైకుకు ఆనించాడు. మైదానమంతా చెవి అయింది.

ఒకటి. రెండు. నలభై కిలోమీటర్ల అవతలి ఇనుప మంచం మీద, రవ్వంత ఆలస్యంగా, గోటి చప్పుడు. టక్. నాలుగు.

ఒకటి. రెండు. టక్. నాలుగు.

వెంకటేష్ ముక్కు తుడుచుకుని ఎలీషా వైపు తిరిగాడు.

"మీ పొరపాటే మేలు చేసింది కదరా!"

"పొరపాటేందన్నా?" ఎలీషా ఏడుస్తూ నవ్వాడు. "ఎనిమిది మందిమీ ఒకేచోట తప్పేకి నాలుగు దినాలు ప్రాక్టీసు చేసినాం."