మారిన పేజీలు

మళ్లీ నలభై పేజీలు మారాయి.

పల్లవి కీబోర్డు మీద వేలు కూడా పెట్టలేదు. తెరిచినవన్నీ మూసేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. కింద వీధిలో ఉల్లిగడ్డల ఆటోవాడు మైకులో ఒక్క కేక వేశాడు, అంతే.

కంప్యూటర్ తన మెమరీని చిన్న చిన్న పేజీలుగా పంచుకుంటుంది. ఏ పేజీలో కొత్తగా ఏది రాసినా దాని పక్కన ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తులను చూసుకోవడం అన్నిటికీ అడుగున పనిచేసే కెర్నెల్ వంతు. ఆ కెర్నెల్‌కు కోడ్ రాయడమే పల్లవి ఉద్యోగం. పాత గుర్తులన్నీ చెరిపేసి కాసేపు ఆగి చూస్తే, ఈలోపు ఎవరు ఎక్కడ చెయ్యి పెట్టారో దొరికిపోతుంది.

దొరికింది గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్. పేరుకు అదే మరి! గడియారానికి ఉల్లిగడ్డల కేకతో ఏం పని?

తలుపు తోసుకుని ఇంటావిడ వెంకటక్క పళ్లెంతో వచ్చింది.

"ఏం పాపా, పొద్దున్నుంచి తలుపేసుకోనుండావు? రాగిముద్ద చేసినా, రెండు ముద్దలు తిను."

తెర మీద అంకె ఎగబాకింది. తొంభై. నూట అరవై. ఆమె నోరు మూయగానే ఆగిపోయింది. పల్లవి పెదవుల మీద వేలు పెట్టి, ఆమె రెక్క పట్టుకుని మిద్దె మీదికి లాక్కెళ్లింది.

"అక్కా, ఆ లాప్‌టాప్ మన మాటలు వింటాండాది."

"దేవుడా! విని ఎవరికి చెప్తాది?"

"మహేష్‌కి."

రెండు నెలల కిందట ధర్మవరంలో మొగుడు మహేష్ పల్లవి మెడ పిసికాడు. గోరంట్లలో స్నేహితురాలి ఇంట్లో దాక్కుంటే ఇరవై రోజులకే తలుపు కొట్టాడు. ఈసారి దొరికితే ప్రాణాలతో వదలనన్నాడు. పెరటి దారిన బయటపడి హిందూపురం వచ్చింది. ఇక్కడి అడ్రసు పెనుకొండలో ఉన్న నాయనకు కూడా చెప్పలేదు. అయినా నిన్నటి నుంచి మహేష్ నల్ల బండి టీ అంగడి దగ్గర నిలబడి ఉంది.

"కొరియర్ వాడికి ఈ అడ్రసు గట్టిగా చెప్పినా అక్కా, దాని ముందరే కూచోని."

"మరి లోపలికి రాడేమి?"

"ఇంటి నిండా మీరుండారు కదా. నేను ఒంటరిగా బయటికొచ్చేదాకా కాచుకోనుంటాడు."

"అయితే దాన్ని తీసి పారెయ్యరాదా?"

"పారేస్తే మనకు తెలిసిపోయిందని వాడికి అర్థమైతాది."

ఆ దొంగ ప్రోగ్రామ్‌ను లోపల ఎవరు పెట్టారో ఆలోచిస్తే అదీ తేలింది. గోరంట్లలో ఉన్నప్పుడు లాప్‌టాప్ మూత కీలు ఊడిపోతే నాయన ధర్మవరం తీసుకుపోయి బాగు చేయించి తెచ్చాడు. అక్కడి కంప్యూటర్ అంగళ్లన్నీ మహేష్ స్నేహితులవే. పాపం, సెల్‌ఫోన్‌లో నంబరు వెతుక్కోవడమే చేతకాని నాయనకు ఏం తెలుస్తుంది? మొదట్లో సర్దుకోమన్నవాడే, కూతురి మెడ మీది వేళ్ల గుర్తులు చూశాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పల్లవి కిందికి దిగి లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఫోన్ చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా మాట్లాడింది.

"రోజా, రేపు గాండ్లపెంటకు వచ్చేస్తాండా. ఆడే ఉండిపోతా."

గాండ్లపెంటలో ఆమెకు ఏ రోజా లేదు. తెర మీద అంకె మూడు వందలు దాటింది.

మళ్లీ మిద్దె ఎక్కి, వెంకటక్క ఫోన్‌తో నాయనకు చేసింది.

"నాయనా, రేపు వస్తా. నా సర్టిఫికెట్లు తీసి పెట్టు. ఎవరికీ చెప్పొద్దు."

"ఎవరికి చెప్తా తల్లీ? యాడికి పోతాండావు?"

"యాడికని అడగొద్దు."

"సరేలే. రా."

మర్నాడు పది గంటలకు కిటికీ సందులోంచి చూసింది. టీ అంగడి దగ్గర నల్ల బండి లేదు. ఎర మింగాడు! లాప్‌టాప్‌ను అలాగే వదిలేసి, వెంకటక్క చెప్పుల జతతో, తల నిండా కొంగు కప్పుకుని బస్సెక్కింది. ఎక్కిన ప్రతి మగవాడి ముఖమూ చూసింది. పెనుకొండ కొండ కనపడ్డాక గానీ ఊపిరి తిన్నగా ఆడలేదు. సర్టిఫికెట్లు చేతికొస్తే రెండున్నర రైలుకు బెంగళూరు. ఆ తర్వాత వాడు, లాప్‌టాప్‌కు తప్ప ఎవరికీ చెప్పని ఆ గాండ్లపెంట అంతా జల్లెడ పట్టుకోనీ.

నాయన పాండురంగయ్య తన బట్టల అంగడిలో ఒక్కడే ఉన్నాడు. కూతుర్ని చూడగానే లేచి వచ్చి, షట్టరు సగానికి లాగాడు.

"ఎవరి కంటా పడకూడదు తల్లీ. ఎంత చిక్కిపోయినావు!"

పల్లవికి ఏడుపు ఆగలేదు. రెండు నెలల్లో భయం లేకుండా ఏడ్చింది అప్పుడే. నాయన తువ్వాలుతో ఆమె కళ్లు తుడిచాడు.

"సర్టిఫికెట్లు యాడుండాయి నాయనా?"

"ఇస్తా. కాఫీ చెప్పినా, తాగుదువు."

"వద్దు. బయలుదేరల్ల."

పాండురంగయ్య షట్టరు సందులోంచి వీధి వైపు చూశాడు.

"కూచో తల్లీ, గాండ్లపెంట బస్సుకు ఇంకా టైముండాది."