జొన్నచేనులో సరో మొక్క

జొన్న కోసిన చేను నడిమధ్య ఎవరో మనిషి గుంత తవ్వుతున్నాడు.

మొండయ్య గట్టు మీదే ఆగిపోయాడు. ఖాకీ నిక్కరు, నెత్తికి తువ్వాల, పక్కన డాల్డా డబ్బాలో సన్నటి మొక్క.

"ఎవనివిరా నువ్వు? ఎవని చేన్ల తవ్వుతున్నవ్?"

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. నిలబడగానే దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా చెయ్యెత్తి ఆగమన్నాడు.

"సరో మొక్క, పటేలా. గీ ఒక్క మొక్కకు జర జాగియ్యి."

ఖాకీ నిక్కరు చూస్తేనే మొండయ్యకు ఒళ్లు మండుతుంది. బొగ్గుబాయి ఆఫీసువాళ్లు మొదట ఇట్లాగే వచ్చారు. తూర్పు చెలక నడుమ ఒక కర్ర పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టారు. ఏడాది తిరక్కుండా ఆ చెలక బాయి కిందికి పోయింది.

చెలక పోయినందుకే కొడుకు కైలాసం అదే బాయిలో పనికి దిగాడు.

మొన్న చలికాలం లోపల బొగ్గుకు నిప్పంటుకుంది. నిప్పు పాకకుండా ఆఫీసువాళ్లు అడ్డంగా గోడ కట్టించారు. కైలాసం, ఇంకెవరో పైఊరి పిల్లగాడు గోడకు అవతలే ఉండిపోయారు.

శవం బయటికి రాలేదు. పిట్టకు ముద్ద పెడదామంటే ఏ మట్టి మీద పెట్టాలో తెలియదు.

ఆఫీసువాళ్లు తమ బంగళా తోటలోంచి, నెమలీకలా ఆకు విచ్చుకునే మోర్‌పంఖి మొక్క ఒకటి తెచ్చి బాయి గేటు దగ్గర పాతించారు. ఇదే మీవాళ్ల గుర్తు అన్నారు. మొండయ్య రెండు పూటలా దానికి నీళ్లు మోస్తున్నాడు. పెళ్లాం కొమురవ్వ దాని మొదట్లో అన్నం ముద్ద పెట్టి, పిట్ట కోసం పొద్దెక్కేదాకా కూర్చుంటోంది. ఒక్క కాకి వాలలేదు. మొక్క కూడా ఒక పక్క నుంచి ఎర్రబడుతోంది.

"మొక్కలు పెట్టాల్నంటే గేటు కాడ పెట్టుకో. మాది గూడ ఆడనే ఉన్నది" అన్నాడు మొండయ్య.

"చూసిన. మోర్‌పంఖి." ఆ మనిషి గొంతు సవరించుకున్నాడు. "దానికి సేవలు ఎక్కువ, పటేలా. నీళ్లు జాస్తయితే వేరు మురుగుతది, తక్కువైతే కొస మాడుతది. బొగ్గు దుమ్ము పడితే ఆకు కడగాలె. కత్తిరియ్యకుంటే నడుమ ఎండుతది. బంగళల మాలి ఉంటడు, చేస్తడు. నువ్వేం చేస్తవ్?"

"నీ సరో ఏమన్న దేవుడిచ్చిండా?"

"అదీ చెట్టే. ఒక ఎండకాలం కాపాడితే సాలు, ఎనుక ఎవల్ని ఏం అడుగది. కత్తెర పెట్టే పని లేదు. సన్నగ మీదికి పోతది, దూరంకెళ్లి కనపడుతది. వేరు గూడ మోర్‌పంఖి తీరు పక్కలకు పారది. కిందికే పోతది."

"కిందికి పోయి ఏం జేస్తది? బొగ్గు తవ్వుతదా?"

ఆ మనిషి నవ్వలేదు. గుంతలోకి చూశాడు.

"ఎర్రగుడ్డ కర్రను అందరు గుర్తు పడుతున్నరని గిప్పుడు పచ్చకర్ర పాతుతున్నరా? ఆఫీసోళ్లే పంపిన్రు గదా నిన్ను?"

"పంపలే. నేనే వచ్చిన. పటేలా, నీకొక మాట చెప్పాలె. జర కూసో."

"కూసోబెట్టి ఏలుముద్ర ఏపిచ్చుకుంటవా? నడువ్."

మళ్లీ దగ్గు వచ్చింది. ఆ దగ్గులోనే మొక్కను గుంతలో నిలిపి, మన్ను కప్పి, రెండు చేతులతో ఒత్తాడు. గట్టు దాటేదాకా వెనక్కి చూస్తూ పోయాడు.

అతను కనుమరుగు కాగానే మొండయ్య మొక్కను పీకి ముళ్లకంపలోకి విసిరాడు. గుంత పూడ్చేశాడు. డబ్బా మాత్రం ఉంచుకున్నాడు, మోర్‌పంఖికి నీళ్లు మోయడానికి పనికొస్తుందని.

తొలకరి పడింది. మొండయ్య చేనంతా దున్ని జొన్న వేశాడు. జొన్న మోకాలెత్తు లేచేసరికి మోర్‌పంఖి నిలువునా ఎండిపోయింది.

ఆ రోజు సిద్దిరాములు వచ్చాడు. కైలాసంతో కలిసి బాయిలో దిగినవాడు. గట్టు మీద నిలబడి చేనంతా కలియజూశాడు.

"బావా, సరో మొక్క ఏది?"

"నీకెవలు చెప్పిన్రు?"

"బాయిల సర్వే గొలుసు పట్టిన దశరథం. దవాఖానల నిన్న పానం ఇడిసిండు. పొయ్యేముందు, మొండయ్య చేన్ల మొక్క పెట్టిన, నీళ్లు పొయ్యిమని చెప్పిండు."

"గా దగ్గుటాయన ఆఫీసోడేనా మరి?"

"ఎక్కడి ఆఫీసు? గోడ కట్టినంక ఎల్లగొట్టిన్రు. గోడకవతలి జాగకు సరిగ్గ మీద ఏ చేను పడ్తదో చెప్పద్దన్నరు, జనం వచ్చి తవ్వుతరని. ఆయన ఇనలే. కింద కొలిచినాయన గదా, మీద గూడ ఒక్కడే కొలిచిండు."

మొండయ్య దగ్గరికి జరిగాడు.

"ఏడ పడ్తదట?"

"మొక్క పెట్టిన కాడ."

కొమురవ్వ ఎప్పుడు వచ్చిందో, ముద్ద గిన్నెతో వెనకే నిలబడి ఉంది.

"ఏడయ్యా? జర చూపియ్యి, పెట్టొస్త."

మొండయ్య చేనులోకి దిగాడు. అటు పోయాడు, ఇటు వచ్చాడు. వంగి మన్ను తడిమాడు. ఎటు చూసినా ఒక్క తీరు చాళ్లు, ఒక్క తీరు జొన్న.

చివరికి గట్టుకేసి తిరిగి కోపంగా అన్నాడు.

"ఒక్కసారి తరిమితే మళ్ల రావద్దా? నా రెక్క పట్టుకొని చెప్పద్దా? ఆయనకేం పోయింది, పోయింది నా కొడుకాయె."

సిద్దిరాములు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"కైలాసం పక్కన ఉండిపోయిన పిలగాడు దశరథం కొడుకు, బావా."