పీతలు ఏ వైపువి?

"పీత లేకుండా విందేంటమ్మా? పెట్టి తీరాల్సిందే," అన్నాడు కెర్వెల్లా షావుకారు, బల్ల మీద అరచేత్తో చరిచి.

అజెనోర్ పెన్సిలు కింద పెట్టేసింది. ఫ్రాన్సులో బ్రిటనీ తీరాన మా రేవు కొసన ఆరు బల్లల చిన్న హోటలు ఆమెది. వండేదీ ఆమే, వడ్డించేదీ ఆమే. అంతవరకూ అన్నీ సజావుగానే రాసుకుంది. మొదట పచ్చి ఆల్చిప్పలు, ఆ తరవాత వెన్నలో కాల్చిన నాలుక చేప, జున్ను, చివర్లో ఆపిల్ కేకు. శనివారం షావుకారు కూతురి నిశ్చితార్థం. పారిస్ నుంచి వియ్యాలవారు దిగుతున్నారు. ఆయన పడవల మీద బతికే ఊరు కాబట్టి మేమంతా ఆయన్ని షావుకారుగారనే పిలుస్తాం.

"ఐదు నెలలుగా ఈ పొయ్యి మీదికి పీత ఎక్కలేదు షావుకారుగారూ. మీరూ ఈ రేవులో పుట్టినవారే. మనుషులు మునిగిన చోట పీత ఏం తిని బలుస్తుందో మీకు నేను చెప్పాలా?"

షావుకారు గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు. "పారిస్ వాళ్ళకి ఇవన్నీ ఏం తెలుసు? సముద్రం ఒడ్డుకి పిలిచి పీత పెట్టకపోతే నా పరువేం కాను?"

"పోనీ కుందేలు వండనా? ద్రాక్షసారాలో మెత్తగా ఉడికించి..."

"పేరెత్తకు!" షావుకారు ఎగిరిపడి, కీడు తగలకుండా కుర్చీకున్న ఇనప మేకు పట్టుకున్నాడు. పడవలున్న వాళ్ళ ముందు మా రేవులో ఆ జంతువు పేరెత్తరు. ఎత్తితే పడవ మునుగుతుందని భయం. మరీ తప్పకపోతే 'పొడుగు చెవులది' అంటారు. "మిగిలిన రెండు పడవలూ నీళ్ళ మీదే ఉన్నాయి తల్లీ. వాటినీ ముంచుతావా?"

"మూడోది ఎవరూ పేరెత్తకుండానే మునిగింది కదా," అంది అజెనోర్.

వలకి వెళ్ళిన ఆ మూడో పడవలో ఆమె మొగుడు టాంగీ, ఇంకో నలుగురు పోయారు. టాంగీ ఆఖరి ఫోను షావుకారుకే వచ్చింది. పడమటి రాళ్ళలో బూడిద మెట్ట దగ్గర ఉన్నాం, నీళ్ళు ఎక్కేస్తున్నాయి అన్నాడని షావుకారే అందరికీ చెప్పాడు. తొమ్మిది రోజులు పడమటంతా గాలించినా ఒక్క చెక్క ముక్క దొరకలేదు. శ్మశానంలో టాంగీ పేరు రాసిన సిలువ ఉంది గానీ, దాని కింద గొయ్యి లేదు. ఒక్క ఎముకైనా దొరికితే మట్టి చేసుకుంటానని అజెనోర్ కనబడ్డ ప్రతి జాలరినీ బతిమాలుతూనే ఉంది.

"టాంగీ నాకు తమ్ముడి లాంటివాడమ్మా," అన్నాడు షావుకారు కళ్ళు దించుకుని. "అలాగని పోయినవాళ్ళతో మనమూ పోలేం కదా. నీ వల్ల కాదంటే చెప్పు, పట్నంలో పెద్ద హోటలుంది."

చలికాలమంతా ఈగలు తోలుకున్న హోటలు. ఈ బేరం కూడా పోతే తలుపులు మూసుకోవాల్సిందే. అజెనోర్ పెన్సిలు మళ్ళీ తీసుకుంది.

"సరే, వండుతాను. కానీ పడమటి పీత నా గడప తొక్కడానికి వీల్లేదు. తూర్పున దీపస్తంభం కింద పట్టుకు రమ్మని ముసలి జాలరి ఫాంష్‌కి చెబుతాను. చేపలు గుడ్లు పెట్టే చోటు, అక్కడ వల లాగితే పడవ లైసెన్సే పోతుంది. ఫాంష్ పీత బుట్టలు తప్ప ఇంకేం దిగవు. మన తాతల నాటి నుంచీ అక్కడ ఒక్క ప్రాణం పోలేదు. మీ ఇంటి శుభకార్యానికి అదే మంచిది."

గ్లాసు ఎత్తబోయిన షావుకారు చెయ్యి ఆగిపోయింది. "తూర్పువి వద్దు."

"ఏం?"

"బురద వాసన."

"అయ్యో దేవుడా... నిరుడు వేసవిలో తూర్పు పీతలే కావాలని పట్టుబట్టి వేళ్ళు నాక్కుంటూ తిన్నారు కదా!"

"అప్పటి మాట అప్పటిది. వద్దంటే వద్దు." షావుకారు నుదురు తుడుచుకున్నాడు. "పడమటి నుంచే తెప్పించు."

"పడమటివా?" అజెనోర్ అతని మొహంలోకి చూసింది. "బూడిద మెట్టవా?"

"ఆఁ, అవే."

"అయితే వియ్యాలవారికే వడ్డిస్తాను. మీ ఇంటివాళ్ళకి చేప చాలు."

"వాళ్ళు తింటుంటే మేం చూస్తూ కూర్చుంటే ఏమనుకుంటారు? నేనూ తింటాను, మా అమ్మాయీ తింటుంది. మా కంచాల్లో తూర్పు పీత కాలు ముక్క కూడా పడకూడదు, అంతే!"

షావుకారు లేచి కోటు తొడుక్కున్నాడు. పోతూ పోతూ బల్ల మీద బోర్లా పడి ఉన్న రొట్టె చూసి, అపశకునమని గొణుక్కుంటూ దాన్ని సరిగ్గా తిప్పి పెట్టాడు.

తలుపు మూసుకుంది. అజెనోర్ కుర్చీలో కూలబడింది. కుందేలు పేరు వింటేనే ఇనుము పట్టుకునే మనిషి, కన్నకూతురికి బూడిద మెట్ట పీత పెట్టమన్నాడు. దానికి భయపడలేదు. తూర్పు పీతకి భయపడ్డాడు.

లేచి ఫోను అందుకుంది. చేసింది ఫాంష్‌కి కాదు, తీర రక్షక దళానికి.

"అయ్యా, గజ ఈతగాళ్ళని తూర్పు దీపస్తంభం కిందికి పంపండి," అంది. "మా ఆయన అక్కడున్నాడు."