నడిమిట్లోడు

నిడమనూరు పొలాల్లో గొర్ల మందకు కావలి పడుకున్న పరశురాములు, భార్య ధనలక్ష్మికి తెలియకుండా ఫోన్‌లో చీరలు చూస్తున్నాడు. ఏది చూసినా ఆ ప్రకటనలే ఆమె ఫోన్‌లోనూ వస్తున్నాయని మేనకోడలు దీప పొద్దున ప్రాక్సీ అనే యాప్ పెట్టిచ్చి, అదేందో చెప్పింది.

"నీ బదులు వేరేటోడు దుకాణానికి పోయినట్టు, మామా. దుకాణపోళ్లకు నువ్వు కనవడవు. ఆ నడిమిట్లోడికి మాత్రం అన్నీ కనవడతయి."

ఆకుపచ్చ చీర నొక్కాడు. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"వదినెకు పచ్చ నచ్చదు. నెమలికంఠం రంగు తీస్కో."

గొర్లన్నీ ఒక్కసారి నెమరు ఆపాయి.

పరశురాములు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. కానీ మాట నిజమే, ఆమెకు పచ్చ గిట్టదు. నవ్వొచ్చింది. బేరం కుదిర్చిన మనిషికి బువ్వ పెట్టకుండా ఎట్లా?

"సల్లగుండు తమ్మీ! ఐతారం రాత్రి మంద కాడికి రా, యాటకూర తిందువు," అని టైపు కొట్టాడు.

"వస్త."

ఆదివారానికి మంద వేరే ఊరి చేనుకు మారింది. కొత్త చీరలో మెరిసిపోతూ ధనలక్ష్మి కూర దించింది.

"అవునయ్యా, గా వచ్చేటాయనకు ఏ చేనో సెప్పినవా?"

పరశురాములు నాలుక కరుచుకున్నాడు.

గొర్లన్నీ నెమరు ఆపి ఒకే దిక్కుకు తలలు తిప్పాయి. చీకట్లోంచి ఒక గొంతు సంబరంగా పలికింది.

"వదినే, చీర మస్తుగుంది!"