కోడీ, రొట్టే

ఆస్పత్రి గుమ్మం దాటేటప్పుడు సనద్ తలపాగా కొంగు ముఖం మీదకి లాక్కున్నాడు. కైరోలో సగం మంది అతని దగ్గరే కొవ్వొత్తులు కొంటారు. పిచ్చివాళ్ళ వసారా వైపు వెళ్తూ ఎవరి కంటైనా పడితే కొంప మునిగినట్టే.

రెండేళ్ళ క్రితం అతని అన్న ఖలఫ్‌కి మతి చెడింది. ప్రతి ముద్దలోనూ విషం ఉందంటూ బజారులో గిన్నెలు విసిరేశాడు. సనదే తీసుకొచ్చి ఇక్కడ చేర్చాడు. ఆ తర్వాత ఇటు తొంగి చూడలేదు. రమ్మని నిన్న కబురొచ్చింది.

హకీం బద్రాన్ అతన్ని నీటి తొట్టి పక్కన చాప మీద కూర్చోబెట్టాడు.

“ఇక్కడి పద్ధతి తెలుసుగా నాయనా? కోడి మొత్తం, రొట్టె మొత్తం తిన్నవాడికి నయమైనట్టు. కొత్త బట్టలిచ్చి పంపేస్తాం. నువ్వు పక్కన కూర్చో. నేనిప్పుడే వస్తా.”

ఖలఫ్ వచ్చాడు. చిక్కాడు గానీ చూపు తేటగా ఉంది. తమ్ముణ్ణి చూసి ముఖం చాటంత చేసుకున్నాడు. పళ్ళెం ముందు కూర్చుని కోడికాలు విరిచాడు.

సనద్ గుండెల్లో రాయి పడింది.

“అన్నయ్యా, తినకు,” అన్నాడు గొంతు తగ్గించి.

“ఏం, విషం కలిపారా?” ఖలఫ్ నవ్వాడు. “ఆ మాట నేను కదరా అనాల్సింది!”

సనద్‌కి నవ్వు రాలేదు. ఇక చెప్పక తప్పలేదు.

“నువ్వు హజ్‌కి వెళ్తూ దారిలో పోయావని చెప్పాను. అందరికీ. పిచ్చోడి తమ్ముడి దగ్గర ఎవరు కొంటారు? మసీదులో నీ పేరున నమాజు కూడా చదివించాను. వీధి వీధంతా భోజనానికొచ్చింది.”

ఖలఫ్ కోడికాలు చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

“వంట ఎలా కుదిరింది?”

“బాగానే.”

“అమ్మ తిందా?”

భూమి చీలితే దూరిపోదామనిపించింది సనద్‌కి. భూమి చీలదు కదా, పైగా రేపు దుకాణం తెరవాలి.

“లేదు. ఇప్పటికీ సరిగ్గా తినదు... ఇంకొక్క ఏడాది ఉండన్నయ్యా. ఈలోగా ఏదో ఒకటి చెప్పి సర్దుతాను. ఇక్కడ నీకేం లోటు? వాద్యాలు వాయించి మరీ నిద్రపుచ్చుతారట.”

ఆ మాటలంటుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అన్నాడు.

ఖలఫ్ కోడికాలు పళ్ళెంలో పెట్టేశాడు. రొట్టె దాని పక్కన సర్దాడు. తొట్టిలో చేతులు కడుక్కున్నాడు.

హకీం తిరిగొచ్చేసరికి పళ్ళెం ఉన్నది ఉన్నట్టే ఉంది.

“ఏమయ్యా ఖలఫ్?”

“సహించట్లేదండీ. మా తమ్ముడు తినమని ఎంత బతిమాలాడో పాపం.”

సనద్ చెవులు కాలిపోయాయి. ‘నేనే వద్దన్నాను’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోతూనే లోలోపల హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

ఖలఫ్ తల వంచుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. సనద్ చెప్పులు తొడుక్కున్నాడు.

“పాపం, మా అన్నకింకా నయం కాలేదన్నమాట. మళ్ళీ పరీక్ష ఎప్పుడండీ?” అన్నాడు, ఎటో చూస్తూ.

“మీ అన్న పరీక్ష నిన్ననే అయిపోయింది నాయనా, ఎముకలు తప్ప ఏమీ మిగల్చలేదు, అతన్ని మీ ఇంటికి పంపొచ్చో లేదో తేల్చుకుందామని ఇవాళ నిన్ను పక్కన కూర్చోబెట్టాను,” అన్నాడు హకీం.