తలలో ఏమీ లేదట

ఆ వారం ఆళ్లగడ్డలో సీతారాం బట్టల అంగడికి వచ్చినవాళ్ళంతా చీరల కంటే ముందు ఫిల్ము చూశారు.

మద్రాసులో తలకు స్కానింగు తీయించుకొచ్చిన ఫిల్ము అది. సీతారాం దాన్ని ట్యూబులైటుకు ఎత్తిపట్టి మరీ చూపించేవాడు.

“గదంత మిషనప్పా. తల లోపలికి పోతాది. గుర్రుమంటాది. కదిల్తే మళ్ళా మొదట్నుంచే.”

“ఏం తేలిందన్నా?” అన్నాడు చీర కొనడానికొచ్చిన ఓబయ్య.

“ఏం లేదు. తల సుబ్బరంగా ఉందన్నారు.”

అరుగు మీద వక్కలు కత్తిరిస్తున్న అతని తల్లి రామమ్మ అందుకుంది. “తలలో ఏం లేదని పెండ్లైన మర్నాడే చెప్తి. నా మాట ఎవురిన్యారు?”

అంగడి వెనకే ఉన్న వంటింట్లో సీతారాం భార్య వెంకటలక్ష్మి కుడి కణత నొక్కుకుంది. ఏడాదిగా ఆ వైపే పోటు. చెవి వెనక ఎప్పుడూ కాలువ పారుతున్న చప్పుడు. రెండుసార్లు మూర్ఛొచ్చి పొయ్యి పక్కనే పడిపోయింది. మెదడులో రక్తనాళాలు చిక్కులు పడి ఉండొచ్చనీ, పగిలితే ప్రాణానికే ముప్పనీ, ముందు స్కానింగు తీయించమనీ నంద్యాల డాక్టరే వాళ్ళను మద్రాసు పంపాడు.

“అది కాదత్తా...”

“నోరు మూసుకో! ఫిల్ము కంటే నీకెక్కువ తెలుసునా? ఇంట్లో అందరం ఒకే బాయి నీళ్ళు తాగతాండాం. నీకొక్కదానికే రోగం యాడ్నుంచి వచ్చె?”

ఆదివారం వెంకటలక్ష్మి మళ్ళీ పడింది. ఈసారి చాలాసేపు తెలివి రాలేదు. సీతారాం విసుక్కుంటూనే నంద్యాల తీసుకెళ్ళాడు. కూర్చోకముందే ఫిల్ము బల్ల మీద పెట్టాడు.

“చూడండి సార్. ఏం లేదు. అంతా పని తప్పించుకునే నాటకం.”

డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. నిజమే, ఏమీ లేదు. అయినా ఎందుకో స్టెతస్కోపు ఆమె చెవి వెనక ఆనించాడు. ఆయన ముఖం మారిపోయింది.

“చప్పుడు ఇంత స్పష్టంగా వినిపిస్తోంది. ఫిల్ములో జాడే లేదు. ఇదెలా కుదురుతుంది?”

సీతారాం తలెత్తి ఫ్యాను వంక చూడసాగాడు. డాక్టరు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

“మిషన్లో పడుకున్నప్పుడు తల కదిలించావా అమ్మా?”

“మా ఇంట్లో ఏదైనా ముందు మగోళ్ళకు, మిగిల్తేనే మాకు సార్, ఆ మిషన్లో పండుకునింది ఇదో, మా ఆయప్పే.”