రెండో మనిషి

"ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు టైలరు.

భార్య గిన్నె తుడుస్తూ తలెత్తలేదు. "దేన్ని?"

"ఆ బద్దని. కొస ఎవరు పట్టుకుంటే వంచావు?"

ఇద్దరూ వ్యానులో ఉన్నారు. పాత వ్యానుని కొని, లోపలే మంచం, పొయ్యి, అలమర అన్నీ అమర్చుకుని, ఊళ్ళు తిరగడానికి ఇల్లుగా మార్చుకుంటున్నారు. పని దాదాపు అయిపోయింది. గోడ పోయి పైకప్పులో కలిసే చోట గుండ్రటి వంపు ఉంది. దాని మీద రెండు వైపులా చెక్క బద్దలు దిగ్గొడితే ఇక తాళం తిప్పి బయల్దేరడమే. ఆ బద్దలే ప్రాణాలు తోడేస్తున్నాయి. గొట్టంలో పెట్టి ఆవిరితో మెత్తబరిచిన బద్దని, బయటికి లాగిన నిమిషంలోపే వంచి బిగించెయ్యాలి. ఆలస్యమైతే బిగుసుకుపోతుంది, తొందరపడితే విరుగుతుంది. ఇన్నాళ్ళూ కొస పట్టుకున్నది భార్య, వంచింది టైలరు, విరిగింది బద్ద. విరిగిన ప్రతిసారీ తప్పు మాత్రం పట్టుకున్నవాళ్ళదే అయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. గుడ్డయితే ఆయన మాట వింటుంది, కర్ర వినదు. వినని కర్రని ఏమీ అనలేక, వినే మనిషిని అనేవాడు.

ఈ మధ్యాహ్నం షాపు మూసి వచ్చి చూస్తే, మంచం పైన వంపులో బద్ద ఒద్దికగా కూర్చుని ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకి వేలితో తడిమాడు. ఒక్క చీలిక లేదు, గోరు దూరే సందు లేదు. సంతోషించాల్సింది పోయి ఆయనకి కడుపు మండింది. అది ఇద్దరు మనుషుల పని. ఇంట్లో ఉన్నది ఒక్కతే.

"ఎవరూ పట్టుకోలేదు. నేనే వంచాను" అంది భార్య.

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

"నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా?"

భార్య ఇంకో గిన్నె అందుకుంది. టైలరు వ్యాను దిగి చరచరా రోడ్డు దాటాడు.

ఎదురుగా వెల్డింగు షాపు. వ్యానుకి నిచ్చెన, పైన సామాన్ల స్టాండు చేసిపెట్టింది ఆ వెల్డరే. 'వదినా, వదినా' అంటూ మర్యాద ఒలకబోసే మనిషి. ఇన్నాళ్ళూ అది మర్యాద అనే అనుకున్నాడు టైలరు.

"నేను లేనప్పుడు మా బండెక్కావా?"

వెల్డరు నల్ల కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఎక్కానన్నా. వదిన రమ్మంటేనే ఎక్కాను."

"బద్ద వంచడానికా?"

"బద్దేంటి? కర్రపని నాకేం తెలుసు? బండి వెనక్కి తియ్యడం నేర్పమంది. ఇరుకు సందుల్లో మలుపు తిప్పడం కూడా. రోజూ కాసేపు అలా పోయి వస్తున్నాం. నీకు చెప్పే ఉంటుందనుకున్నా."

చెప్పలేదు. ఆ బండి నడపాల్సింది తను. అందులో పరుపు తను కుట్టింది, కర్టెన్లు తను కుట్టినవి. వాటి మధ్య కూర్చుని వీళ్ళిద్దరూ రోజూ షికారు. అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే, పొగ అని గొణిగి వెనక్కి వచ్చేశాడు.

"వాడు ఒప్పుకున్నాడు" అన్నాడు, వ్యాను మెట్టు మీద నిలబడి.

"ఏమని?"

"రోజూ నీతో తిరుగుతున్నానని. ఇన్నేళ్ళు కాపురం చేసి నన్నింత మోసం చేస్తావా? పోనీ బద్ద కూడా వాడే పట్టుకున్నాడని చెప్పేయ్. వినేసి ఊరుకుంటాను."

భార్య ఆయన వంక చూసింది. మొహంలో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది టైలరుకి.

"అవతలి వైపు బద్ద ఇంకా మిగిలే ఉంది. పెరట్లోకి రండి, చూద్దురు గాని."

పెరట్లో బల్ల మీద మందపాటి చెక్క ముక్క ఒకటి బిగించి ఉంది. వ్యాను వంపు ఎలా ఉందో, సరిగ్గా అలాగే కోసిన అచ్చు అది. పక్కన పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, గొట్టంలో బద్ద ఆవిరి పీలుస్తోంది. భార్య చేతితొడుగులు వేసుకుని బద్దని బయటికి లాగింది. దాని వెనక పొడవాటి రేకు పట్టీ ఆనించింది. ఒక కొసని అచ్చు పక్కనున్న దిమ్మ కింద దూర్చి, రెండో కొస పట్టుకుని ఒళ్ళంతా బరువేసి బల్ల చుట్టూ నడిచింది. బద్ద కిమ్మనకుండా అచ్చు మీదికి ఒరిగింది.

"వెనక రేకుంటే పైపొర చీలదు" అంది, పళ్ళు బిగించి.

అలవాటు కొద్దీ టైలరు రెండు చేతులూ చాచి ముందుకు వచ్చాడు.

"ముట్టుకోకండి. మీరు చెయ్యేస్తే మళ్ళీ విరుగుతుంది."

చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి. బద్దని అచ్చుకి నొక్కిపట్టే క్లాంపులు ఆమె ఒక్కొక్కటే బిగిస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. రెండో మనిషి లేడు. అసలు అవసరమే లేదు. గుండెల మీది బరువు దిగిపోయింది, దాని వెంటే సిగ్గు ముంచుకొచ్చింది.

"తప్పయిపోయింది. నోటికొచ్చినట్టు వాగాను" అన్నాడు. "మొండి కర్ర నీకు బాగానే లొంగింది. డ్రైవింగు నేర్చుకుని కూడా మంచి పనే చేశావు, నాకు అలుపొచ్చినప్పుడు నువ్వు నడుపుదువు గాని."

భార్య ఆఖరి క్లాంపు బిగించింది.

"ఇది ఆరాక దిగ్గొట్టేస్తే అయిపోయినట్టే కదా. ఇంకా ఆలస్యం దేనికి?" హుషారుగా ఇంటి వైపు తిరిగాడు టైలరు. "నా బట్టలు సర్దేస్తాను. పెట్టె మంచం కింద పెట్టనా, పైన అరలో పెట్టనా?"

"మీ పెట్టె ఇంట్లోనే ఉంచండి" అంది భార్య, చేతితొడుగులు విప్పుతూ. "మీరు లేకుండా చేసుకోగలనో లేదో తేలాకే వెళ్దామని ఆగాను. రేపు నేనొక్కదాన్నే వెళ్ళిపోతున్నాను."